డిస్ట్రిక్ట్ గవర్నర్ (డీజీ) గారి విజిట్, దానితోపాటు విరాళాల సేకరణ: చిన్న క్లబ్ ఎలా చేసుకోవాలి

జూన్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, డీజీ గారి విజిట్‌కి డేట్ ఇచ్చారు. ఏమేం చూసుకోవాలి? ఎంత ఖర్చవుతుంది? అదే రోజు ఫండ్ రైజింగ్ కూడా పెట్టేయొచ్చా?" అని. అడిగేవాళ్లలో ఎక్కువమంది కొత్తగా ప్రెసిడెంటో సెక్రటరీయో అయినవాళ్లు, పాతిక ముప్పై మంది సభ్యులున్న చిన్న ఊళ్ల రోటరీ క్లబ్బులవాళ్లు. వాళ్లకి విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. రెండుసార్లు సెక్రటరీగా, ఒకసారి ప్రెసిడెంట్‌గా, ఒక ఏడాది అసిస్టెంట్ గవర్నర్‌గా (గవర్నర్‌కీ కొన్ని క్లబ్బులకీ మధ్య ఉండే మనిషిగా) ఈ పని చేశాను. లయన్స్ మిత్రులకు కూడా చాలావరకు పనికొస్తుంది. పదవుల పేర్లు, ఫారాలు మాత్రం వేరు.

రోటరీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. డిస్ట్రిక్ట్ గవర్నర్ అంటే రోటరీ లెక్కలో ఒక డిస్ట్రిక్ట్‌కి, అంటే ఒక ప్రాంతంలోని రోటరీ క్లబ్బులన్నిటికీ, పెద్ద. ఆ పదవి ఆ ఒక్క ఏడాదికే. జీతం లేదు. తన డాక్టరీనో వ్యాపారాన్నో ఇంట్లోవాళ్లకి అప్పగించి ఆ ఏడాదంతా క్లబ్బుల చుట్టూ తిరగాలి. అందులో మీ వాటాకి వచ్చేది మూడు నాలుగు గంటలు. అవి శాలువాలతోనే గడిచిపోతే మళ్లీ వచ్చే ఏడాదే. అందుకే అడిగిన ప్రతివాళ్లకీ చెప్పేది ఇదే: గవర్నర్ వల్ల మాత్రమే అయ్యే పనులు ఆ గంటల్లో చేయించుకోండి. అంటే మీ ఇబ్బందులు వినడం, రికార్డులు చూసి తప్పులు చెప్పడం, డీలా పడ్డ క్లబ్బుకి దారి చూపించడం, ఏడాదంతా కష్టపడ్డ సభ్యుణ్ణి అందరి ముందూ మెచ్చుకోవడం. దండలు వేయడానికి ఆయనే రానక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- మినిట్స్ పుస్తకం, హాజరు రిజిస్టర్
- సభ్యుల జాబితా. రోటరీ వెబ్‌సైట్ 'మై రోటరీ'లో ఉన్న పేర్లతో ఒక్కొక్కటీ సరిపోలాలి
- బ్యాంకు పాస్‌బుక్, నిరుటి ఆడిట్ లెక్కలు. క్లబ్ సొంత ఖర్చుల ఖాతా వేరు, సేవా కార్యక్రమాల ఖాతా వేరుగా ఉండాలి
- రోటరీ ఇంటర్నేషనల్ బకాయిలు, డిస్ట్రిక్ట్ బకాయిలు కట్టిన రసీదులు
- ఈ ఏడాది లక్ష్యాలు మై రోటరీలో ఎక్కించినట్టు ఒక ప్రింటు
- ప్రాజెక్టుల పట్టిక: ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఖర్చు, ఇప్పుడు ఎలా ఉంది
- సభ మొదట్లో కొట్టే గంట, ప్రెసిడెంట్ మెడలో వేసుకునే కాలర్, బ్యానర్, జాతీయ జెండా, పనిచేసే మైకు
- గడియారం చూసుకుంటూ ఎవరినైనా సరే ఆపగలిగే ఒక మనిషి. సభలో క్రమం చూసే సార్జెంట్ పదవి ఎవరిదైనా, ఈ పని మొహమాటం లేనివాళ్లకే ఇవ్వండి

1. తేదీ ఖాయం చేసుకోండి

తేదీ గవర్నర్ ఆఫీసు ఇస్తుంది కదా, మన చేతిలో ఏముంది అనుకోకండి. అసిస్టెంట్ గవర్నర్ ద్వారా రెండు తేదీలు మీరే ముందు అడగండి. శ్రావణ శుక్రవారం వద్దు, సగం ఇళ్లలో వ్రతాలుంటాయి. వినాయక చవితి తొమ్మిది రోజులూ వద్దు. మీ సభ్యుల్లో రైతులు, ఎరువుల వ్యాపారులు ఎక్కువుంటే నాట్ల రోజులు వదిలేయండి. పెద్ద ముహూర్తం ఉన్న రోజు చూసుకోకుండా ఒప్పుకుంటే హాలు దొరకదు, సభ్యులూ దొరకరు.

ఇంకో దారి కూడా ఉంది. సభ్యులు పదిహేను మంది కూడా లేకపోతే పక్క ఊరి క్లబ్బుతో కలిసి ఉమ్మడి విజిట్ అడగొచ్చు. దానికి రూల్స్ ఒప్పుకుంటాయి. అయితే ప్రెసిడెంట్, సెక్రటరీలతో గవర్నర్ విడిగా మాట్లాడే అరగంట మాత్రం ఏ క్లబ్బుకి ఆ క్లబ్బే అడిగి తీసుకోవాలి.

2. నెలన్నర ముందు రికార్డులు సరిచేయండి

రోటరీ ఇంటర్నేషనల్ బిల్లు ఏడాదికి రెండుసార్లు, జులైలోనూ జనవరిలోనూ వస్తుంది. ఆ రోజుకి ఆన్‌లైన్‌లో ఎంతమంది పేర్లుంటే అంతమందికీ కట్టాలి. మానేసిన సభ్యుడి పేరు జూన్‌లోనే తీయకపోతే అతని డబ్బు క్లబ్ నెత్తిన పడుతుంది. నా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇక్కడివే. హాజరు రిజిస్టర్ ముందు పెట్టుకుని, ఆన్‌లైన్ జాబితా తెరిచి, ఇద్దరు కూర్చుంటే గంట పని.

చూసుకోవడం ఎలాగంటే: రిజిస్టర్‌లో లెక్క, ఆన్‌లైన్‌లో లెక్క, ఫీజు కట్టినవాళ్ల లెక్క. ఈ మూడూ ఒకే అంకె కావాలి. తేడా ఉంటే దాచకండి. ఎవరి వల్ల, ఎందుకు తేడా వచ్చిందో పక్కనే రాసి పెట్టండి.

3. అడగవలసింది ఒక్క పేజీలో రాయండి

బోర్డు మీటింగ్ పెట్టి "మనకు నిజంగా ఏం ఇబ్బందిగా ఉంది?" అని అందరినీ అడగండి. యువకులు చేరడం లేదా? ఇద్దరు పాత ప్రెసిడెంట్లకి పడటం లేదా? గ్రాంట్‌కి దరఖాస్తు పెడితే జవాబు రాలేదా? మూడు విషయాలకి మించకుండా, ఒక్కోదానికీ "మీ నుంచి ఇది కావాలి" అని ఒక వాక్యం చేర్చి, పది రోజుల ముందు అసిస్టెంట్ గవర్నర్‌కి పంపండి. అప్పుడు గవర్నర్ జవాబుతో వస్తారు. అక్కడికక్కడ అడిగితే "చూద్దాం" అంటారు, ఆయన తప్పేమీ లేదు.

గ్రాంట్ (ప్రాజెక్టులకి రోటరీ ఫౌండేషన్ నిధి నుంచి వచ్చే డబ్బు) అడిగేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. గ్లోబల్ గ్రాంట్‌కి ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి, విదేశంలో ఒక భాగస్వామి క్లబ్బో రోటరీ డిస్ట్రిక్టో కావాలి. మన ఊరివాళ్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో రోటరీ సభ్యులుగా ఉంటే ఆ భాగస్వామిని వెతకడం తేలిక. అంత పెద్దది కాకపోతే డిస్ట్రిక్ట్ గ్రాంట్ అడగండి. పాత గ్రాంట్ రిపోర్టు బాకీ ఉంటే ముందు అది పంపండి, లేకపోతే కొత్త మాట ఎత్తకండి.

4. చూపించే ప్రాజెక్టుని ముందు మీరు చూడండి

నేను సెక్రటరీగా ఉన్న ఏడాది ఒక స్కూల్లో మేం పెట్టించిన ఆర్వో ప్లాంట్ చూపిద్దామని గవర్నర్ గారిని తీసుకెళ్లాం. గుమ్మానికి మామిడి తోరణం కట్టారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆయన స్టీలు గ్లాసు తీసుకుని కుళాయి తిప్పారు. బుస్సుమని గాలి వచ్చింది, రెండు చుక్కలు పడ్డాయి, ఆగిపోయింది. ఫిల్టర్ మార్చాలని స్కూలువాళ్లు ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నారట. మేమూ ప్రారంభోత్సవం తర్వాత అటు వెళ్లలేదు. వరసలో ముందున్న పాప భుజానికి నీళ్ల సీసా వేలాడుతోంది. "ఇంటి నుంచే తెచ్చుకుంటున్నావా అమ్మా?" అని అడిగారు. పాప తలూపింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ పాప పేరు అడిగి, ఏ క్లాసో అడిగి వచ్చేశారు. నాకు ఇప్పటికీ ఆ కుళాయి చప్పుడు చెవిలో ఉంది.

కాబట్టి విజిట్‌కి రెండు వారాల ముందు చెప్పకుండా వెళ్లండి. కుళాయి తిప్పండి, స్విచ్ వేయండి, కుట్టు మిషన్ తీసుకున్నామె ఇంటికి వెళ్లి అది కుడుతోందో అటక మీదుందో చూడండి. పనిచేయకపోతే బాగు చేయించండి. రెండు వారాల్లో కాకపోతే ఆ సంగతి గవర్నర్‌కి ముందే చెప్పి, ఇంకొకటి చూపించండి. కొత్త ప్రాజెక్టు పెట్టేటప్పుడు నిర్వహణకి కొంత డబ్బు పక్కన పెట్టాలి, ఫోన్ చేయాల్సిన సభ్యుడి పేరు, నంబరు యంత్రం మీదే అంటించాలి. ఆ కుళాయి ఆగిపోయిన రోజు రాత్రి బోర్డు మీటింగ్‌లో మేం చేసుకున్న మొదటి తీర్మానం అదే.

రిపోర్టులో అంకెలు కూడా ఇలాగే. ప్రతి మీటింగ్‌లో మనం చదివే నాలుగు ప్రశ్నల్లో మొదటిదే "ఇది సత్యమా?" అని కదా. వైద్య శిబిరానికి 140 మంది వస్తే 140 అనే రాయండి.

5. కార్యక్రమ పట్టిక నిమిషాలతో రాయండి

చిన్న క్లబ్బుకి సరిపోయే పట్టిక ఇది:

4:00 – ప్రాజెక్టు సందర్శన, ఒక్కటే
5:00 – ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్‌లతో గవర్నర్. తలుపు వేసి, రికార్డులు ముందు పెట్టుకుని
5:40 – క్లబ్ అసెంబ్లీ, అంటే డైరెక్టర్లు తమ తమ పనుల గురించి చెప్పే సమావేశం. ఒక్కో డైరెక్టర్‌కి నాలుగు నిమిషాలు
6:30 – టీ, కాస్త విరామం
7:00 – సభ: ప్రార్థన, నాలుగు ప్రశ్నలు, సెక్రటరీ రిపోర్టు 5 నిమిషాలు, కొత్త సభ్యుల ప్రమాణం, సభ్యుల సత్కారం, గవర్నర్ ప్రసంగం 20 నిమిషాలు, విరాళాల ప్రకటన, వందన సమర్పణ, జనగణమన
8:15 – భోజనాలు

ఇందులో 5 గంటలకి జరిగే మీటింగే అసలు ప్రాణం. కారు లేటైందని చాలా క్లబ్బులు ముందుగా కోసేసేది దాన్నే. గవర్నర్ గంట ఆలస్యంగా వస్తే ప్రాజెక్టు సందర్శన తీసేయండి, టీ తీసేయండి, దాన్ని మాత్రం ముట్టుకోకండి.

ప్రోటోకాల్ గురించి టెన్షన్ వద్దు. వేదిక మీద ప్రెసిడెంట్, గవర్నర్, సెక్రటరీ, అసిస్టెంట్ గవర్నర్ చాలు. పాత గవర్నర్లు ఎవరైనా వస్తే ముందు వరసలో కూర్చోబెట్టి, సభ మొదట్లోనే పేరు చెప్పి గౌరవించండి. పేర్లు, హోదాలు కాగితం మీద రాసుకుని వాళ్లకే ఒకసారి చూపించుకోండి. ఒక్క ఇంటిపేరు తప్పు పలికితే ఆ సాయంత్రం అంతా అదే మాట్లాడుకుంటారు.

6. సన్మానాలు తగ్గించండి

గవర్నర్‌కి క్లబ్ తరఫున ఒకే శాలువా, ఒకే జ్ఞాపిక. విడిగా కప్పాలనుకునే సభ్యులకి ఆ డబ్బు ప్రాజెక్టుకి ఇమ్మని చెప్పండి. పదకొండు శాలువాలు కప్పించుకున్న ఒక గవర్నర్ పక్కన నేను నిలబడ్డాను. ఒక్కో దానికి ఫోటోతో కలిపి రెండు నిమిషాలు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు పోయి, ఆయన ప్రసంగం ఎనిమిది నిమిషాలకు కుదించుకున్నారు. మరోవైపు నాలుగేళ్లుగా ప్రతి రక్తదాన శిబిరానికీ కుర్చీలు మోసి, రిజిస్టర్ రాసిన సభ్యుడు వెనక వరసలోనే ఉండిపోయాడు. అలాంటి ఇద్దరి పేర్లు ముందే గవర్నర్‌కి ఇవ్వండి, వాళ్లేం చేశారో రెండేసి వాక్యాలు రాసివ్వండి. ఆయన చేత్తో వాళ్లకి శాలువా కప్పించండి. వాళ్ల ఇంట్లోవాళ్లని కూడా పిలవండి.

7. విరాళాల కార్యక్రమం: అదే రోజా, వేరే రోజా?

నా సలహా ఏమిటంటే, సంగీత విభావరి, నాటకం, పెద్ద విందు లాంటివైతే వేరే రోజు పెట్టుకోండి. విజిట్ రోజు రెండూ కలిపితే పాటలకి వచ్చినవాళ్లు గవర్నర్ ప్రసంగంలో లేచిపోతారు. సభ్యులేమో పాసులు అమ్ముతూ అసెంబ్లీకి రారు. విజిట్ రోజు చేయాలనుకుంటే చిన్నది చేయండి: ఒకే వస్తువు, ఒకే మొత్తం. ఉదాహరణకి ఫలానా ప్రభుత్వ పాఠశాలకి 40 డ్యూయల్ డెస్కులు. ఒక్కో డెస్కు ధర కొటేషన్‌తో సహా హాల్లో గోడకి అంటించాలి. ఒక నమూనా డెస్కు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టండి. జనం దాన్ని తట్టి చూస్తారు, కూర్చుని చూస్తారు, అప్పుడు జేబులో చెయ్యి పెడతారు.

ఒక రహస్యం చెప్తాను. డబ్బు ఆ రోజు రాదు. నలభై డెస్కుల్లో కనీసం పాతికకు దాతలు విజిట్‌కి ముందే ఒప్పుకుని ఉండాలి. ఇంటికి వెళ్లి, కూర్చుని, అడగాలి. వాట్సాప్‌లో పెడితే దండం బొమ్మలు వస్తాయి, విరాళాలు రావు. మిగిలిన పదిహేనుకి సభలో గవర్నర్ చేత అడిగించండి. ఆయన అడగబోయే మొత్తం, పని ఆయనకి ముందే తెలియాలి.

వేరే రోజు పెద్ద కార్యక్రమం పెట్టేవాళ్లు ముందుగా కాగితం మీద ఇలా లెక్క వేసుకోండి. అంకెలు ఉదాహరణకే:

300 పాసులు, ఒక్కోటి 500 చొప్పున 1,50,000. స్పాన్సర్లు 1,00,000. సావనీర్ ప్రకటనలు 60,000. రాబడి మొత్తం 3,10,000.
హాలు 40,000, పాటల ట్రూపు 60,000, భోజనాలు 60,000, ప్రింటింగ్ 25,000, చిల్లర ఖర్చులు 15,000. ఖర్చు మొత్తం 2,00,000. మిగిలేది 1,10,000.

మూడు లక్షలు పోగుచేసి లక్ష మిగల్చడానికి ముప్పై మంది రెండు నెలలు తిరగడం అన్యాయం. ఖర్చు నలభై శాతం దాటితే పథకం మార్చండి. సభ్యుడి కల్యాణ మండపం ఉచితంగా అడగండి. ట్రూపు బదులు ఊళ్లో సంగీతం మాస్టారి శిష్యులతో పాడించి, వాళ్లకి పదివేలు గౌరవంగా ఇవ్వండి. అప్పుడు ఖర్చు 1,10,000, మిగిలేది 2,00,000. పైగా ఆ పిల్లల తల్లిదండ్రులే వంద పాసులు కొంటారు.

జాగ్రత్తలు:

- ఆరుబయట అయితే మైకుకి పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి 10 దాటాక లౌడ్ స్పీకర్ నడపకూడదు.
- పాటలు పాడించినా, రికార్డులు వేసినా సంగీత హక్కుల లైసెన్స్ సంగతి ముందే కనుక్కోండి.
- లక్కీ డ్రా టికెట్లు అమ్మకండి. లాటరీ చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఉంది.
- డబ్బు క్లబ్ లేదా క్లబ్ ట్రస్టు ఖాతా క్యూఆర్‌కే రావాలి. ట్రెజరర్ సొంత ఫోన్ నంబరుకి ఒక్క రూపాయి కూడా వద్దు, ఆయన ఎంత మంచివాడైనా సరే. ఇది ఆయన్ని కాపాడటానికే.
- ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు (80జీ అని పిలిచేది) ఇస్తామని చెప్పేముందు మీ ట్రస్టుకి ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మినహాయింపు రాదు. పెద్ద మొత్తాలు చెక్కు, ట్రాన్స్‌ఫర్ ద్వారానే తీసుకోండి.
- అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి డాలర్లు పంపుతానంటే తొందరపడి ఖాతా నంబరు ఇవ్వకండి. అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోవడం నేరం. ఆ డబ్బుకి సరైన దారి గవర్నర్‌ని, మీ ఆడిటర్‌ని అడిగి కనుక్కోండి.

8. రోటరీ ఫౌండేషన్ విరాళం అడిగేటప్పుడు

విజిట్‌లో గవర్నర్ దీని గురించి తప్పకుండా అడుగుతారు. 1917లో అప్పటి రోటరీ అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ ఆలోచనతో మొదలై, అమెరికాలోని కాన్సస్ సిటీ క్లబ్ ఇచ్చిన 26 డాలర్ల 50 సెంట్లు మొదటి విరాళంగా అందుకున్న నిధి ఇది. మొత్తం 1,000 డాలర్లు ఇచ్చినవాళ్లని రోటరీ వ్యవస్థాపకుడి పేరు మీద పాల్ హారిస్ ఫెలోగా గుర్తిస్తారు. ఒకేసారి ఇవ్వాలని లేదు, ఏడాదికి వంద చొప్పున పదేళ్లకి కూడా అవుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది చిన్న ఉద్యోగులు, టీచర్లు మనవల్ల కాదని ఊరుకుంటున్నారు. దయచేసి వాళ్లకి చెప్పండి. డాలరుకి ఎన్ని రూపాయలనేది రోటరీ ప్రతి నెలా ప్రకటిస్తుంది. ఆ నెల రేటు చూసుకున్నాకే రూపాయల్లో చెప్పండి.

"మన డబ్బు ఎక్కడికి పోతుంది?" అనేవాళ్లుంటారు. ఫౌండేషన్‌లోని యాన్యువల్ ఫండ్‌కి ఇచ్చినదాంట్లో దాదాపు సగం మూడేళ్ల తర్వాత మన రోటరీ డిస్ట్రిక్ట్‌కే తిరిగి వస్తుంది, డిస్ట్రిక్ట్ గ్రాంట్లు అందులోంచే వస్తాయి. ఫౌండేషన్ పోలియో నిర్మూలనకి కూడా డబ్బిస్తుంది కాబట్టి "పోలియో మన దేశంలో పోయిందిగా, ఇంకా ఎందుకు?" అని కూడా అడుగుతారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, నిజమే. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్‌లలో వైరస్ ఇంకా ఉంది. అక్కడ ఉన్నంతకాలం మన పిల్లలకి చుక్కలు వేయిస్తూనే ఉండాలి.

ఒత్తిడి చేసి, వేదిక మీద పేరు చదివి ఇప్పించకండి. అలా ప్రకటించిన మొత్తాలు చాలావరకు అందవు, ఆ సభ్యుడు మీటింగ్‌లకి రావడం కూడా మానేస్తాడు.

9. విజిట్ అయ్యాక

రెండు రోజుల్లో: గవర్నర్‌కి, అసిస్టెంట్ గవర్నర్‌కి ఉత్తరం రాయండి. ధన్యవాదాలతో పాటు, ఆయన చేస్తానన్న పనులు, మీరు చేస్తామన్న పనులు తేదీలతో రాయండి. చాలా క్లబ్బులు ఫోటోలు పంపి ఊరుకుంటాయి. ఈ ఉత్తరం లేకపోతే ఆ రోజు అయిదు గంటలకి జరిగిన మీటింగ్‌లో అనుకున్నదంతా గాలికి పోతుంది.

వారంలో: విరాళాల రాబడి, ఖర్చు ఒక పేజీలో ప్రతి దాతకీ పంపండి. 500 పాసు కొన్నాయనకి కూడా. రావలసిన బాకీలుంటే ఆ సంగతీ రాయండి.

మూడు నెలలకి: కింది ప్రశ్నలకి జవాబులు బోర్డులో చదవండి.

- ఒప్పుకున్న విరాళాల్లో ఎన్ని చేతికందాయి? పదికి ఎనిమిది కంటే తక్కువైతే సభలో తొందరపెట్టి ఒప్పించారని అర్థం.
- విజిట్ రోజు ప్రమాణం చేసిన కొత్త సభ్యులు ఎన్ని మీటింగ్‌లకి వచ్చారు?
- రాసిచ్చిన మూడు ఇబ్బందుల్లో కనీసం ఒకటైనా కదిలిందా? కదలకపోతే అసిస్టెంట్ గవర్నర్‌కి మళ్లీ ఫోన్ చేయండి, సంకోచించకండి, అది ఆయన పని.
- డెస్కులు స్కూలుకి చేరాయా, పిల్లలు వాటి మీద కూర్చుంటున్నారా?

ఆఖరి దానికి హెడ్మాస్టర్ గారికి ఫోన్ చేసి సరిపెట్టుకోకండి. బడి నడిచే రోజున, చెప్పకుండా, ఇద్దరు సభ్యులు వెళ్లి చూసి రండి.